గట్టు దాటితే చాలు: అడవి కెమెరాలోని బుల్లి బైస్టేబుల్ యంత్రం

అడవిలో చెట్టుకు కట్టే కెమెరా ట్రాప్ లోపల, లెన్సుకూ ఇమేజ్ సెన్సర్‌కూ నడుమ, వేలిగోరంత గాజు పలక ఒకటి ఉంటుంది. పగలు అది సెన్సర్‌కు అడ్డంగా నిలవాలి. చీకటి పడగానే పక్కకు తప్పుకోవాలి. తెల్లవారాక మళ్లీ అడ్డం రావాలి. రోజుకు రెండే కదలికలు. మిగతా సమయమంతా ఉన్నచోట ఉండటమే దాని పని. ఆ ఉండటం కోసం బ్యాటరీ మీద ఏ భారమూ పడకూడదు. ఇలా రెండు స్థానాల్లో ఎక్కడ పెడితే అక్కడ తనంతట తానే నిలిచి, స్థానం మారేటప్పుడు మాత్రమే శక్తి అడిగే యంత్రాలను బైస్టేబుల్ యంత్రాలంటారు. అవి చిన్నవయ్యేకొద్దీ వాటి రూపకల్పన కష్టమవుతుంది. జనసంచారం లేని చోట నెలల తరబడి పనిచేయాల్సి వస్తే మరీ కష్టం.

కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారికి ఎడమవైపున అలాంటి చోటే ఉంది. అది కిన్నెరసాని అభయారణ్యం. సుమారు 635 చదరపు కిలోమీటర్ల మేర టేకు, మద్ది, తునికి, వెదురు కలిసిన అడవి. అడవి మధ్యగా పారే కిన్నెరసాని నది దిగువన గోదావరిలో కలుస్తుంది. ఉత్తరాన ములుగు జిల్లాలోని ఏటూరునాగారం అడవులు, గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ అడవులు ఉన్నాయి. ఆ అడవుల నుంచి ఇటు వచ్చే పులి ఒకచోట స్థిరంగా ఉండదు. దాని జాడ పట్టుకోవాలంటే అటవీ శాఖ బీట్ ఆఫీసర్లకు ఉన్న ముఖ్యమైన దారులు రెండు. ఒకటి నేల మీద పాదముద్ర, రెండోది చెట్టుకు కట్టిన కెమెరా. వాన పడితే పాదముద్ర చెరిగిపోతుంది. కెమెరా తీసిన ఫొటో మాత్రం మెమరీ కార్డులో ఉండిపోతుంది.

దేశవ్యాప్తంగా పులుల లెక్కింపు 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరుగుతోంది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ కలిసి రాష్ట్రాల అటవీ శాఖలతో ఈ పని చేయిస్తాయి. 2018 లెక్కింపులో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. పులి కనిపించినవి వాటిలో 76,651. 2022 నాటికి కెమెరా స్థలాలు 32,588కి, పులి ఫొటోలు 97,399కి పెరిగాయి. ఒక్కో పులి చారలు ఒక్కో తీరుగా ఉంటాయి. ఒకే పులికైనా కుడి పక్క చారలు ఎడమ పక్క చారలతో కలవవు. అందుకే బాటకు ఇరువైపులా ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. మూడు నాలుగు వారాలైనా అవి నిరాటంకంగా పనిచేయాలి. ఒక కెమెరా నడుమలో ఆగిపోతే ఆ పులికి ఒక పక్క మాత్రమే మిగులుతుంది, లేదా ఏ పక్కా మిగలదు. వాగులు దాటి పది పన్నెండు కిలోమీటర్లు నడిచి వెళ్లిన సిబ్బంది బ్యాటరీలు చచ్చిపోయిన కెమెరాను చూస్తే, ఆ నడకకు ఫలితం దక్కనట్టే. బ్యాటరీని కాపాడే ప్రతి చిన్న భాగానికీ ఇంత విలువ ఉండటానికి కారణం అది.

గాజు పలకను పక్కకు జరపడం ఎందుకన్నది ముందు తెలియాలి. మనిషి కన్ను 400 నుంచి 700 నానోమీటర్ల వరకున్న కాంతినే బాగా చూస్తుంది. కెమెరాలోని సిలికాన్ సెన్సర్ అక్కడితో ఆగదు. దాదాపు 1,100 నానోమీటర్ల వరకు పరారుణ కాంతినీ పట్టుకుంటుంది. ఎండలో పరారుణం దండిగా ఉంటుంది, ఆకులు దాన్ని బాగా తిప్పికొడతాయి. అడ్డు లేకపోతే పచ్చని అడవి ఫొటోలో పాలిపోయి గులాబీ రంగులోకి తిరుగుతుంది. కాబట్టి పగలు పరారుణాన్ని ఆపే ఫిల్టర్ కావాలి. రాత్రి పరిస్థితి తారుమారవుతుంది. జంతువును బెదరగొట్టకుండా ఫొటో తీయడానికి కెమెరా తన పరారుణ ఎల్‌ఈడీలను వెలిగిస్తుంది. వాటి కాంతి 850 నానోమీటర్ల దగ్గరుంటే సన్నని ఎర్రటి మెరుపు కనిపిస్తుంది, 940 దగ్గరుంటే మనిషి కంటికి ఏమీ కనిపించదు. పగలు అవసరమైన ఫిల్టరే ఇప్పుడు ఈ కాంతిని ఆపేస్తుంది కనుక అది తప్పుకోవాలి. తప్పుకున్న చోట ఖాళీ వదలరు. అంతే మందమున్న మామూలు గాజు పలకను దాని స్థానంలోకి తెస్తారు. లేకపోతే కాంతి నడిచే దారి పొడవు మారి ఫోకస్ చెదురుతుంది. పులి చారలు స్పష్టంగా రావాలని తెల్లని ఫ్లాష్ ఉన్న కెమెరాలు కూడా వాడతారు, వాటికి ఈ మార్పిడితో అంత పని ఉండదు. కాపలా కోసం, ఇతర జంతువుల కోసం పెట్టే పరారుణ కెమెరాల్లో మాత్రం ఈ చిన్న యంత్రం లేనిదే గడవదు.

ఈ పనిని సాదా పద్ధతిలో చేయాలనుకుంటే ఒక కాయిల్, ఒక స్ప్రింగు చాలు. కరెంటు ఇస్తే కాయిల్ ఫిల్టర్‌ను లాగి పట్టుకుంటుంది, కరెంటు తీసేస్తే స్ప్రింగు వెనక్కి తెస్తుంది. చిక్కు ఆ పట్టుకోవడంలోనే ఉంది. పట్టి ఉంచడానికి అర వాటు ఖర్చవుతుందనుకుంటే, పన్నెండు గంటల రాత్రికి 21,600 జౌళ్లు కావాలి. చేతిలైటులో వేసే ఏఏ సెల్లు ఒకదానిలో ఉండేది సుమారు 13,500 జౌళ్లు. ఎనిమిది సెల్లులున్న కెమెరా ఐదు రాత్రుల్లో ఖాళీ అవుతుంది. అదీ ఒక్క ఫొటో తీయకుండా, ఒక గాజు పలకను పట్టుకుని నిలబడినందుకు. అదే బైస్టేబుల్ యంత్రమైతే ఒక కదలికకు 3.3 వోల్టుల దగ్గర 150 మిల్లీఆంపియర్ల కరెంటు సెకనులో పదో వంతు పాటు ఇస్తే సరిపోతుంది. అంటే 0.05 జౌలు. రోజుకు రెండు కదలికల చొప్పున నెల మొత్తానికీ మూడు జౌళ్లు. బ్యాటరీ దృష్టిలో అది లేనట్టే లెక్క. మిగిలిన శక్తంతా ఎల్‌ఈడీలకు, ఫొటోలు రాయడానికి దక్కుతుంది.

ఏ వస్తువైనా తనలోని నిల్వ శక్తి తక్కువగా ఉండే స్థితిలో కుదురుకుంటుంది. పక్కపక్కనే రెండు వరి మళ్లు, నడుమ ఒక గట్టు ఉన్నాయనుకోవాలి. ఒక మడిలో పడిన బంతి, ఎవరో గట్టు మీదుగా నెట్టేదాకా అక్కడే ఉంటుంది. గట్టు నడినెత్తి దాకా నెడితే చాలు, ఆ తర్వాత అదే రెండో మడిలోకి దొర్లుతుంది. బైస్టేబుల్ యంత్రం శక్తి పటం అచ్చం ఇలాగే ఉంటుంది. రెండు లోతులు, నడుమ ఒక ఎత్తు. లోతుల్లో నిలవడానికి ఖర్చు లేదు. గట్టు ఎక్కించడానికే ఖర్చు. గట్టు శిఖరం కూడా సమతుల స్థానమే, అయితే అక్కడ ఏదీ నిలవదు. ఏ చిన్న కదలిక వచ్చినా ఇటో అటో జారిపోతుంది.

ఇంట్లో గోడ మీది లైటు స్విచ్ ఈ కోవలోనిదే. లోపలి చిన్న స్ప్రింగు మీటను ఇటు చివరకో అటు చివరకో నెడుతుందే తప్ప నడిమధ్యన నిలవనివ్వదు. ఆడపిల్లలు జడకు పెట్టుకునే టిక్‌టాక్ క్లిప్పులో స్ప్రింగు కూడా ఉండదు. వంపు తిరిగిన రేకే స్ప్రింగు పని చేస్తుంది. రెండు చివరలూ నొక్కిన సన్నని పట్టీ నిటారుగా ఉండలేక ఏదో ఒక పక్కకు విల్లులా వంగుతుందన్నది ఇంజనీర్లకు పాత సంగతే. ఎంత నొక్కుడుకు వంగుతుందో లియోన్‌హార్డ్ ఆయిలర్ 1744లోనే లెక్క కట్టారు. స్తంభాలు కట్టేవారికి ఆ వంగడం ప్రమాదం. బైస్టేబుల్ యంత్రాలు చేసేవారికి అదే ముడిసరుకు.

కెమెరా ఫిల్టర్ యంత్రంలో రెండు లోతులను తయారు చేసేది ఎక్కువగా అయస్కాంతం. మూడు నాలుగు మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న స్తూపాకార అయస్కాంతం ఇరుసు మీద తిరుగుతుంది. దాని చుట్టూ మెత్తని ఇనుప చట్రం, ఆ చట్రానికి చుట్టిన రాగి తీగ కాయిల్. అయస్కాంతానికి చిన్న చేయి ఉంటుంది, ఆ చేయి చివరి పుల్ల ఫిల్టర్ పలకను ఇటూ అటూ జరుపుతుంది. కాయిల్‌లో కరెంటు లేనప్పుడు అయస్కాంతపు ధ్రువాలు ఇనుప చట్రం ముఖాల వైపు తిరగాలని చూస్తాయి. అలా తిరగగలిగే దిశలు రెండు. ఇక్కడ రూపకర్తలు ఒక జాగ్రత్త పాటిస్తారు. అయస్కాంతం పూర్తిగా కుదురుకునే చోటికి ఇంకా కొన్ని డిగ్రీలు ఉండగానే చేతికి అడ్డు పెట్టి ఆపేస్తారు. లోతు అడుగుకు చేరనిస్తే అక్కడ లాగుడు సున్నా అవుతుంది, పలక వదులుగా ఊగుతుంది. ముందే ఆపితే అయస్కాంతం ఎప్పుడూ ఆ అడ్డును నొక్కుతూనే ఉంటుంది. అందువల్ల పలక బిగుతుగా ఒకేచోట ఉంటుంది. ఆ నొక్కుడుకు కరెంటు అక్కర్లేదు, అయస్కాంతమూ దానివల్ల తరిగిపోదు. కదలిక లేని చోట పని జరగదు కనుక అయస్కాంతం శక్తి ఖర్చు కాదు.

స్థానం మార్చాలంటే కాయిల్‌కు ఒక పల్స్ ఇస్తారు. కరెంటు ఒక దిశలో పారితే పలక ఇటు, ఎదురు దిశలో పారితే అటు. దిశ మార్చడానికి నాలుగు ట్రాన్సిస్టర్లతో కట్టిన హెచ్-బ్రిడ్జి సర్క్యూట్ ఉంటుంది. పల్స్ నిడివి మీద చాలా ఆధారపడి ఉంటుంది. మరీ పొట్టిదైతే అయస్కాంతం గట్టు ఎక్కకుండానే వెనక్కి జారుతుంది. గట్టు దాటగానే ఆపేసినా ఇబ్బందే. వేగంగా వచ్చిన చేయి అవతలి అడ్డుకు కొట్టుకుని ఎగిరిపడి, తిరిగి మొదటి లోతులో పడవచ్చు. అందుకే గట్టు దాటాక మరికొంత సేపు కరెంటు ఉంచి, ఎగిరిపాటు సద్దుమణిగాక తీసేస్తారు. సెకనులో పదో వంతు అనే లెక్క అలా వచ్చినదే.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం గట్టు ఎత్తు. అది ఎత్తుగా ఉంటే ఏ కుదుపుకూ పలక కదలదు, కానీ ప్రతి మార్పుకూ పెద్ద పల్స్ కావాలి. తక్కువగా ఉంటే చిన్న పల్స్ చాలు, కానీ చిన్న దెబ్బకే పలక చోటు తప్పుతుంది. ప్రయోగశాల బల్ల మీద రెంటికీ రాజీ కుదర్చడం సులువు. కిన్నెరసాని అడవిలో ఆ రాజీని చెడగొట్టేవి చాలా ఉన్నాయి.

మొదటిది కుదుపు. కెమెరాలు అడవికి చేరేది బైకు మీదో జీపు మీదో, రాళ్ల బాటల్లో. చెట్టుకు కట్టాక ఎలుగుబంటి పట్టి లాగవచ్చు, అడవిదున్న ఒళ్లు రుద్దుకోవచ్చు, కొండముచ్చు కొట్టవచ్చు. జరిగే పలక బరువు గ్రాములో పదో వంతు అనుకుంటే, భూమ్యాకర్షణకు నూరు రెట్లున్న కుదుపులో దాని మీద పడే బలం సుమారు 0.1 న్యూటన్. పట్టి ఉంచే బలం అంతకు మించి ఉండాలి. చిన్న పరిమాణం ఇక్కడ మేలు చేస్తుంది. కొలతలన్నీ సగానికి తగ్గిస్తే బరువు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, స్ప్రింగులాంటి బలాలు మాత్రం నాలుగో వంతుకే తగ్గుతాయి. అంటే బరువుతో పోల్చినప్పుడు పట్టు రెట్టింపవుతుంది. చేతి నుంచి జారి రాతి మీద పడిన కెమెరాలో పెంకు పగిలినా లోపలి యంత్రం చెక్కుచెదరకుండా ఉండటానికి ఇదొక కారణం.

రెండోది ఎండ. వేసవిలో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో 45 డిగ్రీలు దాటిన రోజులు అరుదేమీ కావు. ఎండ నేరుగా పడితే కెమెరా పెట్టె లోపల వేడి ఇంకా ఎక్కువ. 25 డిగ్రీల దగ్గర సరిచూసిన యంత్రం 65 డిగ్రీల దగ్గర ఏమవుతుందో లెక్క వేయవచ్చు. నియోడిమియం అయస్కాంతం బలం డిగ్రీకి దాదాపు 0.11 శాతం చొప్పున తగ్గుతుంది. నలభై డిగ్రీలకు నాలుగున్నర శాతం. ఇనుమును లాగే బలం అయస్కాంత బలం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక గట్టు ఎత్తు తొమ్మిది శాతం దాకా తగ్గుతుంది. గట్టు తగ్గింది కదా, దాటడం తేలికవుతుందని అనిపిస్తుంది. జరిగేది దానికి విరుద్ధం. రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది, నలభై డిగ్రీలకు పదహారు శాతం. అదే వోల్టేజికి కరెంటు పద్నాలుగు శాతం పడిపోతుంది. నెట్టే బలం కరెంటు మీదా అయస్కాంతం మీదా రెంటి మీదా ఆధారపడుతుంది కాబట్టి పద్దెనిమిది శాతం తగ్గుతుంది. గట్టు తొమ్మిది తగ్గితే నెట్టే చేయి పద్దెనిమిది తగ్గింది. గదిలో బొటాబొటిగా పనిచేసిన యంత్రం మే నెలలో మొరాయించేది ఇందుకే. ఈ వేడిలో పోయిన అయస్కాంత బలం చల్లబడ్డాక తిరిగి వస్తుంది. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే కొంత శాశ్వతంగా పోతుంది. కెమెరాను నీడపట్టున, వీలైతే చెట్టుకు ఉత్తరపు వైపున కట్టడం ఈ యంత్రానికీ మేలే. జంతువు ఒంటి వేడిని పసిగట్టే సెన్సర్‌కు మరీ మేలు, ఎందుకంటే నేలా చెట్టూ జంతువంత వేడెక్కిన మధ్యాహ్నం దానికి తేడా తెలియడం కష్టం.

మూడోది బ్యాటరీ ముసలితనం. మామూలు ఆల్కలైన్ సెల్లు కొత్తలో ఒకటిన్నర వోల్టులు ఇస్తుంది, చివరికి ఒక వోల్టు దగ్గరకు దిగజారుతుంది. అదే సమయంలో దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ఫొటో తీయడానికి ఇంకా ఓపికున్న బ్యాటరీ ఒక్కసారిగా పెద్ద కరెంటు అడిగితే చతికిలబడుతుంది. దీనికి విరుగుడు కెపాసిటర్. బ్యాటరీ నుంచి నింపాదిగా నింపుకుని, ఒక్కసారిగా కాయిల్‌లోకి వదలడం. 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను ఐదు వోల్టులకు నింపితే దానిలో ఉండే శక్తి 0.059 జౌలు. పైన చెప్పిన ఒక కదలికకు అది సరిపోతుంది.

నాలుగోది తేమ, దుమ్ము. అడవి అంచున ఎండాకాలం ఎర్రమట్టి దుమ్ము, వానాకాలం నెలల తరబడి తడి. రబ్బరు అంచు సడలిన పెట్టెలోకి ఇవి రెండూ చేరతాయి. పలక జరిగే గాడిలో రాపిడి పెరిగితే, ఏదీ నిలవదని చెప్పుకున్న గట్టు శిఖరం మీద కూడా పలక ఆగిపోగలదు. ఫొటోలో సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. పాఠ్యపుస్తకంలోని రెండు లోతుల బొమ్మలో రాపిడికి చోటుండదు. నిజమైన యంత్రం తరచు చెడిపోయేది దానివల్లే. అందుకే కదిలే భాగాలు ఒకదానికొకటి తగిలే చోట్లు ఎంత తక్కువైతే అంత మంచిది.

బైస్టేబుల్ యంత్రానికి పుట్టుకతోనే ఉన్న లోపం ఇంకొకటి ఉంది. తాను ఏ స్థానంలో ఉందో అది ఎవరికీ చెప్పదు. స్ప్రింగు యంత్రమైతే కరెంటు లేనప్పుడు ఎక్కడుంటుందో ముందే తెలుసు. ఇది అలా కాదు, చివరిసారి ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. బ్యాటరీలు మార్చి మళ్లీ ఆన్ చేసిన కెమెరాకు నిన్న రాత్రి సంగతి తెలియదు. కాబట్టి ఆన్ చేయగానే వెలుతురును చూసి, పలక ఎక్కడున్నా సరే, కావలసిన దిశలో ఒక పల్స్ పంపేలా ప్రోగ్రాం రాస్తారు. పలక అప్పటికే అక్కడుంటే నష్టమేమీ లేదు. ఆ పల్స్ పనిచేయకపోతే జాడ ఫొటోల్లోనే తెలుస్తుంది. పగటి చిత్రాలు గులాబీగా వస్తుంటే పలక రాత్రి స్థానంలో ఇరుక్కుంది. ఎల్‌ఈడీలు వెలిగినా రాత్రి చిత్రాలు నల్లగా వస్తుంటే పగటి స్థానంలో ఇరుక్కుంది. కార్డు తీసి చూసే సిబ్బందికి ఈ రెండు గుర్తులు తెలిస్తే, ఏ కెమెరాను వెనక్కి తేవాలో అడవిలోనే తేల్చుకోవచ్చు.

పలక అడ్డుకు తగిలినప్పుడు చిన్న టిక్కు శబ్దం వస్తుంది. కెమెరా ట్రాపులు చేసే శబ్దాలను జంతువులు వినగలవని, వాటి పరారుణ కాంతిని కొన్ని చూడగలవని ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో ప్రచురించారు. పలకను ఫొటో ఫొటోకూ మార్చకుండా సంధ్యవేళ ఒకసారి, వేకువన ఒకసారి మారిస్తే ఈ శబ్దం జంతువు ఎదుట పడకుండా పోతుంది. బ్యాటరీకి చేసిన మేలు ఇక్కడ జంతువుకూ మేలవుతుంది.

అయస్కాంతం, కాయిల్, ఇరుసు ఉన్న యంత్రాన్ని ఎంత చిన్నది చేయాలన్నా ఒక హద్దుంది. మిల్లీమీటరు కంటే దిగువన తీగ చుట్టడం, ఇరుసు బిగించడం గగనమవుతుంది. అక్కడ టిక్‌టాక్ క్లిప్పు దారే మేలు. ఒకే పదార్థంలోంచి చెక్కిన సన్నని వంపు పట్టీయే స్ప్రింగూ ఇరుసూ అవుతుంది. అతుకులుండవు, రాపిడి ఉండదు, నూనె అక్కర్లేదు. అయితే మామూలు వంపు పట్టీని నడుమ నొక్కితే అది నేరుగా అవతలికి వెళ్లకుండా పాములా మెలికపడి జారుకుంటుంది. ఆ మెలిక గట్టును తగ్గించేస్తుంది, రెండో లోతే లేకుండా పోవచ్చు. అమెరికాలోని ఎంఐటీలో జిన్ చియు, జెఫ్రీ లాంగ్, అలెగ్జాండర్ స్లోకమ్ 2004లో దీనికి సులువైన ఉపాయం చూపారు. సమాంతరంగా ఉన్న రెండు వంపు పట్టీలను నడుమ కలిపి బిగించారు. మధ్య భాగం తిరగలేదు కనుక మెలిక పడదు. అప్పుడు వంపు ఎత్తు పట్టీ మందానికి 2.31 రెట్లు దాటితే రెండో స్థానంలోనూ అది నిలుస్తుందని లెక్కతో తేల్చారు. కొన్ని మిల్లీమీటర్ల పొడవు, కొన్ని మైక్రాన్ల మందం ఉన్న సిలికాన్ పట్టీలకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది.

ఇలా వంపుగా చెక్కిన పట్టీలో రెండు లోతులూ సమానంగా ఉండవు. చెక్కిన ఆకారంలో దానికి ఏ ఒత్తిడీ లేదు, తిరగేసిన ఆకారంలో కొంత శక్తి దాచుకుని ఉంటుంది. కనుక రెండో లోతు తక్కువది, అటు నుంచి ఇటు రావడం తేలిక. ఏ స్థానంలో ఎంత పట్టు, ఎంత దూరం కదలిక, ఎంత బలానికి తిరగబడటం అనే మూడింటినీ ముందే కోరుకుని వంపు ఆకారాన్ని వెతకడం గట్టి గణిత సమస్య. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జి.కె. అనంతసురేశ్, ఆయన విద్యార్థి సఫ్వాన్ పాలతింగల్ ఈ సమస్య మీద పనిచేసి 2017లో ఒక రూపకల్పన పద్ధతిని ప్రచురించారు. పాలతింగల్ తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో అధ్యాపకులయ్యారు. పదార్థం ఎంపిక కూడా ఈ లెక్కలో భాగమే. సిలికాన్ ఎన్నిసార్లు వంచినా గది వేడిలో సాగిపోదు. ప్లాస్టిక్ చవక, కానీ రెండో స్థానంలో నెలల తరబడి ఒత్తిడిలో ఉంచితే, అందులోనూ వేడిలో, మెల్లగా సాగి పట్టు కోల్పోతుంది. భద్రాచలం ఎండలో పెట్టదలచిన యంత్రానికి ప్లాస్టిక్ వంపు పట్టీ నమ్మదగింది కాదు.

అడవి అంచు దాటి పొలాల్లోకి వచ్చినా ఇదే సూత్రం కనిపిస్తుంది. అశ్వారావుపేట, దమ్మపేట చుట్టుపక్కల పామాయిల్ తోటలకు డ్రిప్పులతో నీరు పెడతారు. కరెంటు తీగ లాగలేని చోట, చిన్న బ్యాటరీతో నడిచే టైమర్లు వాల్వులను తెరవడానికీ మూయడానికీ లాచింగ్ సోలినాయిడ్లు, అంటే పల్స్‌తో కదిలి ఆ స్థానంలోనే నిలిచే కాయిల్ యంత్రాలు, వాడతారు. వీటి నిర్మాణం కెమెరా యంత్రం కంటే వేరు. ఒక లోతును అయస్కాంతం, రెండోదాన్ని స్ప్రింగు తయారు చేస్తాయి. తెరిచే పల్స్ అయస్కాంతానికి తోడై ఇనుప పిస్టన్‌ను పైకి లాగుతుంది, పైకి చేరాక అయస్కాంతమే పట్టుకుంటుంది. మూసే పల్స్ ఎదురు దిశలో పారి అయస్కాంతాన్ని క్షణకాలం రద్దు చేస్తుంది, స్ప్రింగు పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మూసే పల్స్ బలహీనమైతే పట్టు వదలదు. మరీ బలమైతే ఎదురు దిశ అయస్కాంతమై పిస్టన్‌ను తిరిగి పట్టుకుంటుంది. రెండు హద్దుల నడుమ ఇరుకైన సందులో అది ఉండాలి. తెరిచే పల్స్‌కూ మూసే పల్స్‌కూ దిశ వేరు కనుక ఈ వాల్వుల తీగలు తారుమారుగా కలిపితే సరిగా పని చేయవు.

కెమెరాకూ వాల్వుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బ్యాటరీ అయిపోయినప్పుడు కెమెరాలో పలక ఎక్కడ ఆగినా ఎవరికీ హాని లేదు, ఫొటోలు ఎలాగూ రావు. వాల్వు తెరిచి ఉండగా బ్యాటరీ చచ్చిపోతే నీరు పారుతూనే ఉంటుంది. మామూలు సోలినాయిడ్ అయితే కరెంటు పోగానే దానంతట అదే మూసుకునేది. ఏ గుణం కోసం బైస్టేబుల్‌ను ఎంచుకున్నారో అదే గుణం ఇక్కడ ప్రమాదం. కాబట్టి మంచి టైమర్లు బ్యాటరీ వోల్టేజిని కనిపెట్టుకుని ఉంటాయి. అది ఒక హద్దుకు దిగగానే, కెపాసిటర్‌లో ఇంకా దాచి ఉన్న శక్తితో మూసే పల్స్ ఒకటి ఇచ్చి, ఆ తర్వాత తెరవమన్నా తెరవకుండా ఉండిపోతాయి. టైమర్ కొనే రైతు ధర కంటే ముందు ఈ ఏర్పాటు ఉందో లేదో అడగడం మంచిది.